సొంత బండి, తోడు చేయి

మోటారుకార్లు గలవారిలో రెండు తెగలవారున్నారు. ప్రయాణము మధ్య బండిలో ఏదో కొత్త చప్పుడు వినబడినచో, రేడియో ధ్వనిని హెచ్చించి ఆ చప్పుడును మరుగుపరచువారు మొదటి తెగ. రేడియోను కట్టివేసి, చెవియొగ్గి, ఆ చప్పుడు ఎచ్చటినుండి వచ్చుచున్నదో కనుగొనువరకు మరియొక పని చేయనివారు రెండవ తెగ. రేడియో ఉప్పు తినుచున్న వారమే అయినను, నేడు మేము రెండవ తెగవారిని గురించియే మాటలాడ దలచితిమి.

ఆ తెగవారితో మాకు పరిచయము కలిగినది ఇంగ్లండులో. మా శ్రీమతికి అచ్చట పరిశోధన చేయు అవకాశము లభించుటచే, 2017 మొదలు మూడు సంవత్సరములు మేము సెలవుపై కావెంట్రీ నగరమునకు సమీపమున నివసించితిమి. ఆ ప్రాంతమున పాత స్పోర్ట్సుకార్లు గలవారు ఆదివారములందు ఒకచోట చేరి, తమ బండ్లను తామే బాగుచేసికొందురు. స్పోర్ట్సుకారనగా పందెములకు మాత్రమే పనికివచ్చు బండి యని కొందరు తలంతురు. అది సరికాదు. ఇద్దరు కూర్చుండుటకు మాత్రమే చోటు కలిగి, నేలకు దగ్గరగా, మడిచివేయదగిన పైకప్పుతో, నడుపువాని చేతికి వెంటనే లోబడునట్లు కట్టిన చిన్నబండి అది. ఆ దేశమున ఎమ్.జి. కార్ల యజమానులు 1930లోనే ఒక సంఘముగా ఏర్పడిరి. అనగా ఈ కలిసి పనిచేయు అలవాటు నేటిది కాదు.

మా మిత్రబృందములోని బండ్లన్నియు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ జాతివి. యుద్ధవిమానము పేరు పెట్టుకొన్న ఈ కారు 1962లో వెలువడినది. 1980 వరకు, మొత్తము మూడు లక్షలకు పైగా తయారైనది. దీని రూపకర్త ఇటలీ దేశస్థుడైన జొవాన్ని మికెలోట్టి. అయితే దీని అస్థిపంజరము కొత్తది కాదు. అదే రూపకర్త 1959లో రూపొందించిన ట్రయంఫ్ హెరాల్డు కారు చట్రమునే కొంత పొట్టిచేసి దీనికి అమర్చిరి.

హెరాల్డు అనగానే శ్రోతలలో పెద్దవారికి ఏదో గుర్తు వచ్చియుండును. ఆ హెరాల్డునే మదరాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రోడక్ట్స్ వారు 1961 నుండి స్టాండర్డ్ హెరాల్డు పేరుతో మన దేశమున తయారుచేసిరి. బానెట్టు మాత్రమే కాక, ముందుచక్రముల పైనుండు రెక్కలతో సహా ముందుభాగమంతయు ఒక్కటిగా ముందుకు వంగి తెరచుకొనుట దీని ప్రత్యేకత. మొసలి నోరు తెరచినట్లుండును. అట్లు తెరచిన పిమ్మట ముందుచక్రము మీదనే కూర్చుండి, పీటమీద కూర్చుండి కూర తరిగినంత సుఖముగా ఇంజను పని చేసికొనవచ్చును. స్పిట్‌ఫైరుకును ఇదే అమరిక.

మా నాయనగారికి అట్టి హెరాల్డు ఒకటి ఉండెడిది. రెండవచేతి బండి; పాలమీగడ రంగుది. దానిని నెలకొకసారి షెడ్డుకు తీసికొనిపోయి, మెకానిక్కు ప్రక్కనే నిలువబడి, ప్రతి కీలునకు గ్రీజు పట్టించెడివారు. 1986లో ఒక సాయంకాలము బందరు కాలువ గట్టుమీద మలుపు తిరుగుచుండగా, ఎడమ ముందుచక్రము మోకాలు విరిగిన ఎద్దు కాలివలె లోనికి మడిగిపోయెను. బండి మెల్లగా పోవుచుండెను గనుక కాలువలో పడలేదు. గట్టుమీది తుమ్మచెట్టుకు ఆని నిలిచెను. వెనుకసీటులో మేమును, మా అక్కయ్యయు ఉంటిమి. మాకేమియు కాలేదు. నాయనగారి నుదుట గాయమైనది. ఆ మచ్చ నేటికిని కలదు. మలుపులోని రాతిని చూడక చక్రము నెక్కించితినని వారు తమ్ము తామే నిందించుకొనిరి. బండిని పాత ఇనుమునకు అమ్మివేసిరి. ఆ తరువాత ఎన్నడును స్టీరింగు పట్టలేదు.

ముప్పది యేండ్లు గడచిన పిమ్మట ఇంగ్లండులో 1972 నాటి స్పిట్‌ఫైరు ఒకటి మా కంటబడినప్పుడు, దానిని కొనవలెనని మాకెందుకు బుద్ధి పుట్టినదో వేరుగ చెప్పనక్కరలేదు. కొన్న వెంటనే తెలిసినది, అది ఒక వాహనము కాదనియు, వారమునకొక ప్రశ్న వేయు పరీక్షాధికారి యనియు. అట్లు మేము ఆదివారపు బృందములో చేరితిమి.

పొలము మధ్యనున్న ఒక పాత ధాన్యపు కొట్టము వారి కార్యస్థానము. ఐదారు బండ్లు, ఎనిమిదిమంది మనుష్యులు, ఒక టీ కెటిలు. కార్ల కర్మాగారములో పనిచేసి విశ్రాంతి తీసికొన్న పెద్దాయన యొకరు, లెక్కల మాస్టారొకరు, ఆస్పత్రి నర్సు ఒకామె, తక్కినవారు వివిధ వృత్తులవారు. ఒక్కొక్కరి వద్ద ఒక్కొక్క పనిముట్టు. ఎవరి పానా ఎవరికి కావలసి వచ్చినను అడిగి తీసికొనుట, తుడిచి తిరిగి యిచ్చుట అచ్చటి మర్యాద. నూనె వ్రేళ్ల ముద్రలతో నల్లబడిన మరమ్మతు పుస్తకము ఒకటి మధ్యబల్లపై ఎల్లప్పుడును తెరచి యుండెడిది. తెలిసినవాడు సైతము ముందు ఆ పుటను చూచి, తరువాతనే పని మొదలుపెట్టవలెను.

మొదటి ఆదివారము మేము ఉత్సాహముతో కొత్త గ్రీజు గన్ను ఒకటి కొనిపోతిమి. ముందుచక్రము వద్ద కూర్చుండి, క్రింది కీలులోనికి గ్రీజు ఎక్కింపబోవుచుండగా, పెద్దాయన మా భుజముపై చేయివేసి, “దానిని పెట్టెలో పెట్టుడు. ఈ ఒక్కచోట గ్రీజు పనికిరాదు” అనిరి. ఆపై తమ నూనె గన్నును మా చేతికిచ్చి కారణము చెప్పిరి.

ఈ జాతి బండ్లలో ముందుచక్రమును మోయుచు నిలువుగా ఒక ఉక్కు కడ్డీ ఉండును. దాని అడుగుచివర మరచుట్లు ఉండును. ఆ చివర ఇత్తడివంటి లోహపు దిమ్మెలోనికి మరమేకువలె దిగి యుండును. ఆ దిమ్మెను ట్రన్నియన్ అందురు. స్టీరింగు త్రిప్పినప్పుడెల్ల కడ్డీ ఆ మరచుట్లలో కొంచెము తిరుగును. బండి ముందుభాగపు బరువు, గుంతల అదురు, బ్రేకు లాగుడు అన్నియు ఆ చోటికే వచ్చును. అచ్చట గేరుపెట్టెలో వాడునట్టి చిక్కని నూనె పోయవలెను. నూనె మరచుట్ల వెంట జారి అడుగుదాక పోవును. గ్రీజు అట్లు పోదు. పై రెండు చుట్లలో నిలిచి, కాలక్రమమున గట్టిపడి, దారిని మూసివేయును. ఆపై అడుగున నీరు చేరును, త్రుప్పు పట్టును, ఉక్కు లోలోపల తినివేయబడును. పైకి మాత్రము కీలు నిండుగా గ్రీజుతో కళకళలాడుచునే యుండును. ఒకనాడు, సాధారణముగా మలుపు తిరుగునప్పుడు, కడ్డీ తెగి చక్రము లోనికి మడిగిపోవును.

ఆ మాట వినుటతోనే మాకు బందరు కాలువ గట్టు కంటియెదుట నిలిచెను. హెరాల్డునకును అదే కీలు, అదే నూనె. నెలనెలయు గ్రీజు పట్టించిన మా నాయనగారి శ్రద్ధయే ఆ చక్రమును తినివేసినది. ఆ మెకానిక్కు సోమరి కాడు, మోసగాడును కాడు. ఈ ఒక్క కీలు తక్కినవాటివంటిది కాదని అతనికి చెప్పినవారు లేరు. శ్రద్ధ యుండి తెలివిడి లేకపోయినచో ఏమగునో అంతకన్న వేరు దృష్టాంతము మాకు అక్కరలేదు. పుస్తకమునందు ఆ వాక్యము ఉన్నది. కాని పుస్తకము వేరొకచోట, పని వేరొకచోట ఉన్నప్పుడు, భుజముపై చేయివేసి ఆపు మనిషి కావలెను.

ఇట్టి బృందములలో పనిచేయుటలోని అసలు విశేషము ఇదియే యని మాకు క్రమముగా తెలిసివచ్చెను. సొంతముగా చేసికొనుట యనగా ఒంటరిగా చేసికొనుట కాదు. ఈ పనులలో కొన్ని స్వభావముచేతనే ఇద్దరు మనుష్యుల పనులు.

కార్బురేటర్ల సంగతి చూడుడు. స్పిట్‌ఫైరు ఇంజనునకు స్కిన్నరు సోదరుల పేరిట ఎస్.యు. అని పిలువబడు కార్బురేటర్లు రెండుండును. ఒక్కొక్కటి రెండేసి సిలిండర్లకు గాలిని, పెట్రోలును కలిపి అందించును. రెండును సమానముగా గాలి పీల్చవలెను. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ పీల్చినచో, ఇంజను కుంటివానివలె నడచును. ఈ సమత్వమును కొలుచుటకు ఖరీదైన యంత్రము అక్కరలేదు. మూరెడు రబ్బరు గొట్టము చాలును. ఇంజను బాగుగా వేడెక్కిన పిమ్మట గొట్టపు ఒక కొనను కార్బురేటరు నోటివద్ద, రెండవ కొనను చెవివద్ద ఉంచినచో, సన్నని బుస వినబడును. ఒకదాని బుసను రెండవదాని బుసతో పోల్చి, రెండును ఒకే స్థాయికి వచ్చువరకు మరలను కొంచెము కొంచెముగా త్రిప్పవలెను. ఒకరు విని చెప్పవలెను, ఒకరు త్రిప్పవలెను.

ఆ పిమ్మట పెట్రోలు పాలు సరిచూచుట. కార్బురేటరులోని ముషలమును గోరు మందము మాత్రము పైకెత్తినచో, ఇంజను వేగము హెచ్చి అట్లే నిలిచినచో పెట్రోలు ఎక్కువైనదని అర్థము. తగ్గిపోయి ఆగబోయినచో పెట్రోలు చాలలేదని అర్థము. ఒక్కక్షణము హెచ్చి మరల సర్దుకొన్నచో సరిగా ఉన్నదని అర్థము. ఈ పని చేయునంతసేపు కొట్టపు తలుపులు బార్లా తెరచి యుంచెడివారము; ఇంజను పొగలోని విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు.

పెద్దాయన చెవులు కర్మాగారపు హోరులో సగము చెడిపోయినవి. సన్నని బుస వారికి వినరాదు. మా చెవి, స్టూడియోలో ధ్వని హెచ్చుతగ్గులు వినుటకు అలవాటుపడినది. కనుక బృందములోని అన్ని బండ్లకును బుస వినుట మా వంతైనది. చేతిపని రాని మమ్ము వారు భరించుటకు అదియొక కారణమై యుండవచ్చును.

ఇక బ్రేకులు. ఈ భాగము చెప్పుట మాకు కొంత సిగ్గు కలిగించును, అయినను చెప్పవలెను.

పాదముతో నొక్కిన బలమును చక్రములకు చేర్చునది గొట్టములలోని బ్రేకు ద్రవము. అదిమినను ద్రవము కుంచించుకొనదు, గాలి కుంచించుకొనును. గొట్టములో గాలి చేరెనా, పెడలు మెత్తగా దిగిపోవునే గాని బండి ఆగదు. అందువలన గొట్టము విప్పి బిగించినప్పుడెల్ల గాలి తీయవలెను. సీటులో ఒకరు కూర్చుండి పెడలు నొక్కి “నొక్కితిని” అనవలెను. చక్రమువద్దనున్నవారు చిన్నమరను వదులుచేసి, బుడగలతో కూడిన ద్రవమును సీసాలోనికి రానిచ్చి, మరను బిగించి “మూసితిని” అనవలెను. ఆ మాట వినిన పిమ్మటనే పాదము తీయవలెను. మాట తప్పినచో గాలి మరల లోనికి పోవును. నాటకములోని సంభాషణవలె, ఒకరి మాట అందిన తరువాతనే మరియొకరి మాట.

ఒక వారము మధ్య మేము ముందు కుడిచక్రమునకు పోవు బ్రేకు గొట్టమును ఇంటివద్దనే, ఒంటరిగా మార్చితిమి. కలుపుడు నట్టును వ్రేళ్లతో బిగించి, పానా అందుకొనబోవునంతలో వాన వచ్చెను. బండిపై గుడ్డ కప్పి లోనికి పోతిమి. మరునాడు వచ్చి, ఆ నట్టు సంగతి మరచి, సీసాలో గొట్టము ముంచి ఒక్కరమే గాలి తీసితిమి. పెడలు రాయివలె గట్టిగా ఉండెను. చాల సంతోషించితిమి. వచ్చు ఆదివారము పండ్రెండేండ్ల మా అమ్మాయిని ప్రక్కసీటులో కూర్చుండబెట్టుకొని, కొండదిగి నదియొడ్డున జరుగు సంతకు పోవలెనని నిశ్చయించితిమి.

ఆదివారము ఉదయము మాతో వచ్చుటకు నర్సుగారు తమ బండిలో మా యింటికి వచ్చిరి. గొట్టము మార్చిన సంగతి చెప్పగానే “ఎవరు సరిచూచిరి?” అని అడిగిరి. “మేమే” అంటిమి. “చేసినవారే చూచినచో అది చూచుట కాదు. మా ఆస్పత్రిలో కొన్ని మందులు ఇచ్చుటకు ముందు ఇద్దరు నర్సులు సీసాను చదువుదురు” అని, మా బండిలో కూర్చుండి, పెడలుపై తమ బలమంతయు మోపి, గడియారము చూచుచుండిరి. మొదట పెడలు కదలలేదు. అరనిమిషము తరువాత, ఎవరో క్రిందనుండి మెల్లగా లాగినట్లు, అది దిగుట మొదలుపెట్టెను. కుడిచక్రము వెనుక నేలపై రూపాయి బిళ్లంత తడి కనబడెను.

ఆమె ఏమియు అనలేదు. తాళపుచెవి తీసి తమ కోటుజేబులో వేసికొనిరి.

మా బండిలో నాలుగు చక్రములకును ద్రవము పోవు వరుస ఒక్కటే. ఎచ్చట కారినను నాలుగింటికిని కారినట్లే. కొండ సగము దిగుసరికి చేతిబ్రేకు తప్ప మరేమియు మిగిలియుండెడిది కాదు. మా అమ్మాయి అప్పటికే టోపీ పెట్టుకొని ప్రక్కసీటులో కూర్చుండి, “ఎప్పుడు బయలుదేరుదుము నాన్నా?” అని అడుగుచుండెను. బందరు కాలువ గట్టుమీద వెనుకసీటులో కూర్చున్న బాలుని మేమెరుగుదుము. ఈమారు స్టీరింగువద్ద ఉన్నది మేము.

నాటినుండి మా బృందమున ఒక నియమము ఏర్పడినది. బ్రేకును గాని, స్టీరింగును గాని, చక్రపు నట్టును గాని ముట్టిన బండి, మరియొకరు పానా పట్టి సరిచూడనిదే కొట్టము దాటరాదు. ఒకరు పట్టికను పైకి చదువవలెను. ఒకరు చేతితో తాకి జవాబు చెప్పవలెను. “బిగించియుందును” అను జవాబు చెల్లదు; “బిగించితిని” అనవలెను. అట్లే, జాకీపై మాత్రమే నిలిచిన బండి క్రిందికి ఎవరును దూరరాదు. చదునైన గట్టినేలపై, చక్రములకు అడ్డు పెట్టి, ఇనుప స్టాండ్లపై దింపి, ఒకమారు ఊపి చూచిన తరువాతనే దూరవలెను. ఈ నియమములను హాస్యమునకు సైతము ఎవరును అతిక్రమించిన జ్ఞాపకము మాకు లేదు.

ఇంతలో, 2018 మే 20వ తేదీనుండి బ్రిటనులో చట్టము మారినది. నలువది యేండ్లు దాటి, పెద్దమార్పులు పొందని బండ్లకు ఏటేట జరుగు తప్పనిసరి పరీక్షనుండి మినహాయింపు లభించినది. కొందరు సంబరపడిరి. పెద్దాయన మాత్రము, “ఇంతవరకు మన తప్పును ఏడాదికొకసారియైన పట్టుకొనువాడొకడుండెను. ఇప్పుడు వాడును పోయెను” అనిరి. బండి రోడ్డుమీద నడచుటకు తగినట్లు ఉంచుకొను బాధ్యతకు మినహాయింపు లేదు గదా! మా బృందమువారందరును ఏటేట తమంతట తామే పరీక్షకు తీసికొనిపోవుటకు నిశ్చయించుకొనిరి.

ఇదియంతయు పాతబండ్ల ముచ్చట, మనకెందుకని శ్రోతలు అడుగవచ్చును. నిజమే. నేటి మన కార్ల బానెట్టు ఎత్తినచో కనబడునది ఒక ప్లాస్టిక్కు మూత. దాని క్రింద అంతయు కంప్యూటరు ఆజ్ఞ. బ్రేకులను, గాలిసంచులను నేర్పు గలవారికే విడువవలెను. మన చేయి ఎచ్చట ఆగవలెనో తెలియుటయు పనితనములో భాగమే. కాని కొన్ని పనులు ఇప్పటికిని మనవే. టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూచుట, అరుగుదల చూచుట. చదునైన చోట ఇంజను నూనె మట్టము చూచుట. బ్రేకు ద్రవము రెండు గీతల మధ్య ఉన్నదో లేదో చూచుట. మట్టము తగ్గినచో పోసి ఊరకుండక, ఎందుకు తగ్గినదో అడుగవలెను. ఇంజను వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీయరాదు. ఇక వెనుకనున్న ఎర్రని బ్రేకుదీపము కలదు. పెడలు నొక్కినవానికి అది కనబడదు. కనబడువానికి పెడలు అందదు. దానికొరకైన పొరుగింటివారిని పిలువవలెను. వారు వచ్చినప్పుడు వారి బండిదీపము మనము చూడవలెను. ఇరుగుపొరుగు రెండు బండ్లతోనే అట్టి బృందము మొదలుకావచ్చును.

2020లో స్వదేశమునకు తిరిగివచ్చిన పిమ్మట, మేము ట్రన్నియన్ సంగతి నాయనగారికి చెప్పితిమి. కాగితముపై బొమ్మ గీసి, నూనె పోవు దారిని, గ్రీజు నిలుచు చోటును చూపితిమి. వారు కండ్లద్దములు సవరించుకొని చాలసేపు చూచిరి. “అయితే రాయి కాదన్నమాట” అనిరి. కొంతసేపటికి, “పాపము, ఆ కుర్రవాడు ఎంత శ్రద్ధగా పట్టించెడివాడో” అనిరి. పిమ్మట, ఇంట బండి లేకపోయినను, కలము తీసికొని, “ఆ నూనె పేరేమంటివి?” అని అడిగిరి.

తొంబది నంబరు గేరునూనె. శ్రోతలలో ఎవరియింటనైన పాత హెరాల్డు ఇంకను మిగిలియున్నచో, వారును వ్రాసికొందురుగాక.